భిక్ష లేని క్షమ

మా మేనేజరు సోమేశ్వరరావుగారికి తెలుగులో ఉపన్యాసమంటే హడల్. ఉత్తరాలూ, ఉత్తర్వులూ, ఆఖరికి తిట్లూ ఇంగ్లీషులోనే. అలాంటి మనిషికి మద్రాసు నుంచి మా ఓనరు శెట్టిగారు ట్రంకాల్ చేసి, "ఉద్యమంలో సస్పెండ్ చేసినవాళ్ళందరినీ పన్లోకి తీసుకోండి. షరతులొద్దు, సంజాయిషీలొద్దు. మైకు పెట్టి మీరే చెప్పండి" అన్నారు. పాపం, ఆ పూట ఆయన భోజనం చెయ్యలేదు.

బాలానగర్‌లో మాది పంపులు చేసే ఫ్యాక్టరీ. నేనక్కడ టైపిస్టును. పేరు రాజరాజేశ్వరి, ఊరు భీమవరం పక్క. మూసాపేటలో కిరాయికి ఉండేది మా ఫ్యాక్టరీలోనే లేతు మెషిన్ మీద పనిచేసిన బాలనర్సయ్య ఇంట్లో. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని ఆయన మా గేటు దగ్గర జెండా పట్టుకుని, నాబోటి ఆంధ్రావాళ్ళను వెళ్ళిపొమ్మని గొంతు చించుకునేవాడు. సాయంత్రం నాకు కాస్త ఆలస్యమైతే మాత్రం బస్సు దిగేచోటికి ఎదురొచ్చి, "ఇంత పొద్దువోయినంక వస్తవా చెల్లె? మాకు ఫికర్ ఉండదా?" అని నా మీదే కేకలేసేవాడు. ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామన్నా కుదిరేది కాదు.

సోమేశ్వరరావుగారి మీద మాత్రం నాకు బోలెడు కోపం ఉండేది. గేటు దగ్గర జనం పెరిగిన రోజున పోలీసులకి ఫోన్ చేసింది ఆయనే. లాఠీ దెబ్బకి బాలనర్సయ్య భుజం బూరెలా వాచింది. మర్నాడు మేనేజరుగారి ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఆయన భార్య జయలక్ష్మిగారు హడలిపోయి పుట్టింటికి వెళ్ళి చాన్నాళ్ళు రాలేదు. కంపెనీ బాలనర్సయ్యనీ, ఆయన వెంట ఉన్నవాళ్ళనీ సస్పెండ్ చేసింది. ఉద్యమం చల్లారింది గాని వీళ్ళ కోపాలు చల్లారలేదు.

శెట్టిగారి మాట బయటికి పొక్కేసరికి దానికి తోకలు మొలిచాయి. పన్లోకి తీసుకుంటారట గాని, అందరి ముందూ మాఫీ అడగాలట.

"తల తెగినా అడుగ. ఏం తప్పు జేసిన్నని?" అన్నాడు బాలనర్సయ్య.

"అడగక్కర్లేదు అన్నయ్యగారూ, నా మాట నమ్మండి" అన్నాను.

"నువ్వు మంచిదానివే చెల్లె. మీ మేనేజర్‌ను నమ్మ. రేపు వస్త. మమ్ముల మాఫీ అడుగుమన్నడా, అప్పటికప్పుడే మర్లి వస్త. మల్ల ఆ గేటు తొక్క."

ఆయన వెనక్కి తిరిగితే మిగతావాళ్ళూ తిరుగుతారు. ఈసారి పోతే ఇక ఉద్యోగం లేనట్టే. ఆయన భార్య బుచ్చమ్మ చీపురు కింద పడేసి, "అయితే ఇంట్ల కూసొని పిడకలు చెయ్యి. నేను పోయి లేతు తిప్పుత!" అంది. నవ్వొచ్చింది గాని, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి నవ్వలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే మేనేజరుగారి కోసం ఉపన్యాసం తెలుగులో రాసిచ్చాను. 'కంపెనీ మీ అందరికీ బేషరతుగా క్షమాభిక్ష ప్రకటిస్తోంది' అన్న చోట ఆయన వేలు ఆగిపోయింది.

"భిక్ష ఏమిటండీ, ముష్టి వేసినట్టు? రోషం గల మనుషులు" అని కలం తీసి ఆ మాట తనే కొట్టేశారు. ఆయన మీద నా కోపం మొదటిసారి కాస్త తగ్గింది. అయితే భిక్ష పోగానే 'క్షమ' ఒక్కటీ ఆయనకి బోసిగా కనిపించిందని నాకు తెలియలేదు.

షెడ్డు ముందు జనం. బాలనర్సయ్య గేటుకి దగ్గరగా, ఎప్పుడైనా వెళ్ళిపోయేలా నిలబడ్డాడు. సోమేశ్వరరావుగారు మైకు పట్టుకుని చెమట తుడుచుకున్నారు. "కంపెనీ తరఫునా, నా తరఫునా, మీ అందరికీ, ఎలాంటి షరతులూ లేకుండా..." అని ఒక్క క్షణం ఆగి, "క్షమాపణ ప్రకటిస్తున్నాను!" అన్నారు.

మన్నిస్తున్నానని చెప్పబోయి, మన్నించండని చెప్పేశాడు మహానుభావుడు.

బాలనర్సయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. మెట్లెక్కి మేనేజరుగారి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సారూ, గంత పెద్దోనివి, నువ్వే ముందుగాల మాఫీ అడిగినవ్. మాఫ్ చేసినం పో! ఇగ మా దిల్ల ఏం లేదు." ఆ చెయ్యి ఇంకా వదల్లేదు. "నీ ఇంటి మీద రాళ్ళేసినోళ్ళల్ల నేను గూడ ఉన్న. గది తప్పే. ఆ అమ్మ బుగులువడి పోయిందంట. నన్ను గూడ మాఫ్ చెయ్యి సారూ."

తల తెగినా అడగనన్న మాఫీ, ఎవరూ అడక్కుండానే అడిగేశాడు! చప్పట్లతో షెడ్డు రేకులు అదిరిపోయాయి. బుచ్చమ్మ గేటు బయటి నుంచి ఎవరినీ లెక్కచెయ్యకుండా ఈల వేసింది. నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు.

జనం మెషిన్ల దగ్గరికి వెళ్ళాక సోమేశ్వరరావుగారు గదిలోకి పిలిచారు. "రాజరాజేశ్వరిగారూ, నేను కదా వాళ్ళని క్షమించింది? వాళ్ళు నన్ను క్షమించారంటారేమిటండీ?"

దాచి లాభం లేదు. "మీరన్న మాటకి అర్థం అదేనండీ. మిమ్మల్ని క్షమించమని మీరే వాళ్ళని అడిగారు."

ఆయన దిగ్గున లేచి తలుపు దాకా వెళ్ళారు. మళ్ళీ మైకు పెట్టించి దిద్దుతారేమో, అంతా మొదటికొస్తుందేమోనని నేనూ వెనకే వెళ్ళాను. గడప దగ్గర ఆగి, షెడ్డు వైపు చూశారు.

"పోలీసులకి ఫోన్ చేసిన రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదండీ" అన్నారు నెమ్మదిగా. "ఇప్పుడు తప్పు దిద్దాలంటే, వాళ్ళిచ్చిన క్షమ తిరిగిచ్చెయ్యాలి కదా? నాకు తిరిగివ్వాలని లేదు."