సన్న జల్లెడ

చివరి బస్తా మట్టిని తొట్టిలో పోసి, రెండు చేతులా జల్లెడ ఆడిస్తోంది ఆమె. మోచేతుల దాకా బురద. మ్యూజియం వెనక గదిలో ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ జల్లెడక్క.

ఈ సాయంత్రంతో ఆమె ఉద్యోగం సరి. వెళ్లేలోపు బస్తాలన్నీ బయట పారబోయించమని పెద్దసారు ఆజ్ఞ. తవ్వకాల దగ్గర ముతక జల్లెడలోంచి కిందికి రాలిన మట్టి అది. జల్లెడలో నిలిచినవి పెద్ద ఎముకలు, అన్నీ గడ్డి మేసే జంతువులవి. దాంతో మన తొలి పూర్వీకులంతా ఎండు గడ్డిమైదానంలోనే బతికారని సారు తేల్చేశారు. రేపటి నుంచి ప్రదర్శన గది గోడంతా ఆ బొమ్మే.

అక్క పిడికెడు మట్టి కూడా పారబోయలేదు. ఆరు నెలలుగా తన సొంత సన్న జల్లెడలో మళ్లీ కడుగుతూనే ఉంది.

"ఇంకా అవ్వలేదా?" పెద్దసారు గుమ్మంలో నిలబడ్డారు. వెనక బొమ్మలేసే అతను.

"మీ గడ్డిమైదానంలో చేపలు పడుతున్నాయి సార్. అందుకే ఆలస్యం."

బొమ్మలతను నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"నువ్వుగింజంత ముక్కలతో నాకు పాఠం చెబుతావా?"

"పాఠం కాదు సార్. మీ జల్లెడ కన్నాల్లోంచి అడవి జారిపోయింది. నేను ఏరాను, అంతే." తడిచేత్తోనే భూతద్దం అందించింది. "చూసి కాదనండి. చూడకుండా అంటే మాత్రం ఈ బస్తాలు కదలనివ్వను."

సారు వంగారు. బల్ల మీద తవ్వకాల్లోని గుంటకొకటి చొప్పున సీసాలు. ఒకటో గుంట సీసాలో చేప పళ్లు, పీత గోళ్లు. రెండో దాంట్లో ఉడుత పళ్లు, రాళ్లుగా మారిన అడవి చెట్ల గింజలు.

"మూడో గుంటలో మీ మాటే సరి సార్. అక్కడ నిజంగానే గడ్డి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. సీసాలు మళ్లీ మొదటి నుంచి చూశారు. మెచ్చుకోలేదు. తల తిప్పకుండానే అడిగారు:

"ఆకుపచ్చ రంగు ఎంత తెచ్చావయ్యా?"

"ఒక్క డబ్బా సార్. గడ్డి ఎండిందేగా అన్నారు."

"చాలదు."

"నీలం కూడా తేవయ్యా తమ్ముడూ," అంది అక్క, "నీటి ఒడ్డు ఉంది."

అయిదింటికి చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, ఎవరి వీడ్కోలు కోసమూ ఆగకుండా గేటు దాటింది.

ఎప్పుడూ గోడ మేకుకు వేలాడే తవ్వకాల ముతక జల్లెడ బల్ల కింద బోర్లా పడి ఉంది. మేకుకు ఆమె వదిలి వెళ్లిన సన్న జల్లెడ, ఇంకా నీళ్లు కారుతూ.