మారకూడని మనిషి

ఆ రోజు ఆ చిన్న దీవిలో ఊరి ప్రార్థన చెడగొట్టింది బడి. ముసలి ఇయోపు లెక్కలో దీనికి విచారణ అక్కర్లేదు.

భార్య మేలే చనిపోయి ఏడాదైంది. అప్పటినుంచీ అతను గడప దాటేది సంజె ప్రార్థనకు గంట కొట్టడానికే. గంటంటే చర్చి ముందు సీమపనస కొమ్మకు వేలాడే పాత గ్యాసు సిలిండరు. మొదటి దెబ్బకు జనం ఇళ్ళలోకి పోవాలి, రెండో దెబ్బకు ప్రార్థన, మూడో దెబ్బకు లేవాలి. కొంతకాలంగా ఊరి చివరి ఇళ్ళకు అది వినబడడం లేదు. సోమవారం నుంచి మైకు పెడుతున్నామనీ, ఇక అతను రానక్కర్లేదనీ పాస్టరు చెప్పేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం సినీవా పంతులమ్మ ఏడో తరగతిని వెంటేసుకుని వచ్చింది.

"శబ్దం కూడా ఒక అలేనని పాఠం చెప్పానండీ. గంట ఎందుకు వినబడదో వీళ్ళు తేలుస్తారట. మీరు కొట్టిపెట్టాలి."

"సిలిండరు ముసలిదైంది. తేల్చడానికేముంది?"

"అది మీరనుకోవడం, తాతా," అంది లాంగీ. ఆ పిల్ల కంటే ముందు నోరు పుట్టింది. "ఒకసారికి ఒక్కటే మారుస్తాం. మిగతావి కదలకూడదు. అందుకే మీరు కావాలి. ఊళ్ళో మారనిది మీరొక్కరే."

పంతులమ్మ నవ్వాపుకుని కొమ్మల్లోకి చూసింది.

ఊరి చివర పెనీ అనే పిల్లాడు ఎర్రగుడ్డతో నిలబడ్డాడు. వినబడితే ఊపాలి.

ఇయోపు రోజూలాగే కొట్టాడు. గుడ్డ ఊగలేదు. దగ్గరి ఇళ్ళవాళ్ళు మాత్రం పొయ్యి మీద కుండలు వదిలి లోపలికి పోయారు.

"ఇప్పుడు బలం ఒక్కటే పెంచండి. అల ఎత్తు పెరుగుతుంది," అంది పంతులమ్మ.

పెంచాడు. గుడ్డ ఊగలేదు. పాస్టరింట్లో కీర్తన మొదలైంది.

"టీచర్, ఊరు ప్రార్థనకు కూర్చుంది," అంది లాంగీ.

"కూర్చోనీ. మూడో దెబ్బకు లేస్తారుగా."

లాంగీ అతని చేతికేసి చూసింది. "ఇది చెట్టు బెరడును బట్టగా సాగగొట్టే కొయ్య కదూ? మన అమ్మమ్మ మేలేది. ఇది మారుద్దాం."

నిరుటిదాకా కొట్టిన ఇనపకడ్డీ చెట్టు మొదట్లో తుప్పుపట్టి పడుంది. సోమవారం మైకు వస్తుంది. ఇయోపు వంగి కడ్డీ తీశాడు.

"బలం మామూలే, తాతా. రెండూ మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు."

సిలిండరు ఖంగుమంది. ఎర్రగుడ్డ పిచ్చెక్కినట్టు ఊగింది. జనం కీర్తన సగంలో లేచి బయటికొచ్చారు.

"ఒక్కసారికే నమ్మకూడదు," అంది లాంగీ.

నాలుగో దెబ్బకు అందరూ మళ్ళీ లోపలికి దూరారు. పాస్టరు ఒక్కడే బైబిలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఇయోపూ, మేం కూర్చోవాలా, లేవాలా?"

"పిల్లల్ని అడగండి."

"గంటకేం రోగం లేదు, పాస్టరుగారూ. అల్లరంతా ఆ కొయ్యది. మైకు దండగ," అంది లాంగీ.

పాస్టరు కొయ్యను చూశాడు. దాని గాడులు మేలే చేతుల్లో అరిగినవి. అతని గొంతు తగ్గింది.

"మైకు వద్దులే. గంట నువ్వే కొట్టు. కానీ ఇయోపూ, ఏడాదంతా దీంతో ఎందుకు..."

ఇయోపు కొయ్యను చంకలో పెట్టుకున్నాడు.

"సాయంత్రం కడ్డీతో కొడతాను. ఈ కొయ్య మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకండి. నేనూ ఎత్తను."