ముత్యాలరావు గారి నవ్వు వెనక

నేను ఒక రాడార్‌ని. తెల్లటి గుండ్రటి డబ్బాని, మూత పెట్టిన ఇడ్లీ గిన్నెలా ఉంటాను. పొగమంచు పట్టినా, చీకటి కమ్మినా ముందున్నదాన్ని పసిగట్టి, కింద గదిలోని తెర మీద చుక్కగా చూపించడం నా పని. కళ్లుండీ మనుషులకు చేతకాని పని కాబట్టే నన్ను తయారు చేసుకున్నారు. చేసుకున్నాక నన్నేం చేశారో వినండి.

విశాఖ చేపల రేవులో ముత్యాలరావు గారి మరపడవ మీదికి వచ్చాను. కొబ్బరికాయ కొట్టారు, నెత్తిన పసుపు కుంకుమలు పూశారు, దండేశారు. నన్ను వాడుకోవడానికి తెచ్చారో, పూజించడానికి తెచ్చారో నాకే అర్థం కాలేదు. మెకానిక్ నన్ను పైకప్పు మీది స్తంభానికి బిగించి, వైర్లు కిందికి లాగి, ఆఖరి బోల్టు తిప్పుతుండగా ముత్యాలరావు గారు ఒక ఇనప రేకు బోర్డు మోయించుకొచ్చారు. ఆయన బోటు యజమానుల సంఘం అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నారు. బోర్డు నిండా ఆయన మీసం, ఆయన నవ్వు, రెండు చేతుల నమస్కారం. పడవ రేవులోకి వస్తుంటే అందరి కంటా పడాలి కదా! అందుకని దాన్ని సరిగ్గా నా మొహానికి అడ్డంగా కట్టించారు.

"రేకు అడ్డమొస్తే ముందున్నది కనపడదండీ," అన్నాడు మెకానిక్.

"ముందర ఏటుంటాదయ్యా, సముద్రమే గదా!" అన్నారాయన.

మెకానిక్ ఇకిలించి, సంచి సర్దుకుని పోయాడు. పడవ నడిపే సరంగు కొర్లయ్య అప్పుడు ఐసు కోసం వెళ్లి ఉన్నాడు. తిరిగొచ్చాక అతనికి ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు. బోర్డు ఎంత బాగుందో మాత్రం అందరూ చెప్పారు.

సముద్రం మీద పక్కనున్న పడవల్నీ, వెనకున్న కొండనీ చక్కగా చూపించాను. దాంతో కొర్లయ్య నన్ను పూర్తిగా నమ్మేశాడు. ఇదివరకు మంచు పడితే ఇంజను ఆపి, అందరూ నోళ్లు మూసుకుని, చెవులు రిక్కించి వినేవారట. ఇప్పుడా బాధ తప్పింది, టీవీ వచ్చింది. అవును, నన్ను టీవీ అనేవారు. ఒళ్లు మండిపోయేది నాకు.

జనవరిలో ఒక తెల్లవారుజామున, వేట ముగించుకుని రేవుకు తిరిగొస్తుంటే మంచు దట్టంగా కమ్మింది. పడవ ముందు కొన మీద కొర్లయ్య బావమరిది దానయ్య నిలబడ్డాడు.

"బావా, ఒకపాలి ఇంజనాపు. ఏదో గంట మోగతన్నట్టుంది."

"టీవీలో ఏటీ నేదురా. దారి కాళీ!"

ఖాళీయే మరి! ముత్యాలరావు గారి మొహం ఎంత వెడల్పుందో అంత మేరా ఖాళీ. ఆ ఖాళీలోనే లంగరేసిన సరుకు ఓడ ఒకటి మంచులో గంట కొడుతూ నిలబడి ఉంది. నేను ముందుకు పంపిన ప్రతి తరంగమూ ఆ రేకు నవ్వుకే తగిలి వెనక్కొచ్చింది. పడవ ముక్కు బద్దలైంది. నీళ్లలో పడ్డ దానయ్య మళ్లీ తేలలేదు.

"సరంగు కునుకు తీశాడు," అని సంతాప సభలో ముత్యాలరావు గారు కళ్లు తుడుచుకున్నారు. ఎన్నికలో గెలిచారు కూడా. దానయ్య అక్క పోలమ్మ మాత్రం మొగుడు కొర్లయ్యతో మాట్లాడటం మానేసింది. "సుక్క ఉండే ఉంటాది, నానే సూణ్నేదు," అని కొర్లయ్య పడవలో ఒక్కడే కూర్చుని గొణుక్కునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నోరు లేనందుకు కుమిలిపోయాను. లేదురా మొర్రో, చుక్క లేదు!

గెలిచిన అధ్యక్షుల వారి బొమ్మ సంఘం ఆఫీసుకు ఎక్కాలట. నన్నేమో అమ్మేస్తారట. బోర్డు విప్పి, మిషను పనిచేస్తోందో లేదో చూడమని కొర్లయ్యను పురమాయించారు. అతను పైకెక్కి రేకు విప్పి, కిందికి దిగి స్విచ్చి వేశాడు.

రేవంతా తెర మీదికి వచ్చింది. ఎదుట కట్టేసిన పడవలు, రాతి గోడ, ఐసు ఫ్యాక్టరీ, గోడ అవతల లంగరేసిన ఓడలు. పడవ ముందున్నది చూపించే తెర పైసగాన్ని కొర్లయ్య అరచేత్తో మూశాడు. తీశాడు. మళ్లీ మూశాడు.

"ముందరివి ఇన్ని అవుపిస్తాయేటి?" అన్నాడు. బయటికొచ్చి, విప్పిన రేకు వంక చూశాడు.

గట్టు మీంచి ముత్యాలరావు గారు కేకేశారు: "ఒరే కొర్లయ్యా, బోర్డు జాగర్త! మొకం మీద గీతలు పడతాయి."