బుడగలు లెక్కపెట్టి ఎంచుకున్న ట్యూబ్‌లైటు

నేను ఒక ట్యూబ్‌లైటుని. మాట ఆలస్యంగా బుర్రకెక్కేవాళ్లకి మీరు నా పేరు పెట్టి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి. గాజు గొట్టం, లోపల తెల్లటి పూత, చిటికెడు పాదరసం, ఇంతే నా ఒళ్లు. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు గానీ, నన్ను ఎంచుకున్న రోజు మాత్రం మర్చిపోలేను.

కాకినాడలో నూకరాజు అక్వేరియం దుకాణానికి ఎస్తేరు మేడమ్ సీసాలో నీటిమొక్క రెమ్మ పట్టుకుని వచ్చింది. కాలేజీలో ముప్ఫయ్యేళ్లు బోటనీ చెప్పి రిటైరైన మనిషి, ఒంటరిది. ల్యాబు పక్కన తను పెంచిన నీటితొట్టిని పగలగొట్టి స్కూటర్ల షెడ్డు వేస్తుంటే, చివరి గుప్పెడు మొక్కల్ని టిఫిన్ గిన్నెలో తెచ్చుకుంది. ఎండ రాని ఇంట్లో అవి బతకాలంటే దీపం కావాలి.

నూకరాజు గులాబీరంగు ట్యూబు వెలిగించాడు. "ఇదట్టుకెళ్లండి మేడమ్‌గారూ. చేపలు మెరిసిపోతాయండి."

"నాకు చేపల్లేవు నాయనా. మొక్క బతకాలి."

ఒక్కో ట్యూబు కింద సీసా పెట్టి, చేతిగడియారం చూస్తూ, రెమ్మ కోసిన చోటునుంచి పైకొచ్చే బుడగలు లెక్కపెట్టింది. ఎన్ని ఎక్కువ బుడగలొస్తే ఆ వెలుగు ఆకుకి అంత బాగా ఒంటబడుతున్నట్టు. గులాబీ ట్యూబుకి నిమిషానికి పద్నాలుగు, పసుపుదానికి పదకొండు. నాకు ఇరవైరెండు! నూకరాజు ఆవులిస్తున్నాడు. పెళ్లిచూపుల్లో కూడా అంతసేపు చూడరు. నాకు గర్వమేసింది.

ఆ ఇంట్లో రోజుకి పదిగంటలు వెలిగాను. మేడమ్ తొట్టి ముందే కంచం పెట్టుకుని, "ఏమ్మా, బాగున్నారా?" అని మొక్కల్ని పలకరించేది. నావైపు చూసేది కాదు. దీపం వెలుతురులో అన్నీ చూస్తారు, దీపాన్నెవరు చూస్తారు?

రెండో ఏడు నా పూత నీరసించింది. పైకి అదే తెలుపు, ఆకుకి మాత్రం తిండి చాలడం లేదు. మొక్కలు ఒక్కొక్కటే పసుపెక్కి కుళ్లాయి. బుడగలు ఆగిపోయాయి.

"వస్తూనే ఉండుంటాయి, నాకే కనబడట్లేదు" అనుకుంది మేడమ్. ఆమె కంట్లో శుక్లాలు మరి.

"ట్యూబు పట్టపగల్లా వెలుగుతోంది కదండీ" అన్నాడు తొట్టి కడగడానికొచ్చిన నూకరాజు.

నాకు తెలుసు. నా వెలుగు కిందే అవి పస్తులుంటున్నాయని చెప్పడానికి నోరు లేదు. అంత దుఃఖం నేనెన్నడూ ఎరగను.

కంటి ఆపరేషనయ్యాక మేడమ్ తొట్టి అద్దానికి మొహం ఆనించి పది నిమిషాలు చూసింది. మిగిలింది ఒకే మొక్క, రెండు ఆకులు. ఒక్క బుడగా లేదు.

"కంటికి కనబడే వెలుగు వేరు, ఆకు తినే వెలుగు వేరు అని ఎంతమంది పిల్లలకి చెప్పాను! నేనే మర్చిపోయాను."

ఆ సాయంత్రమే కొత్త ట్యూబు తెచ్చింది. నన్ను తీసి గుమ్మం బయట మెట్లకి పైన గోడకి బిగించారు. మనుషులు మెట్టు చూసుకోవడానికి నేనింకా పనికొస్తానట. లోపల ఆ మొక్క ఉందో పోయిందో తెలియక నెలరోజులు గడిపాను.

ఒకరోజు కూరల సంచీతో మెట్లెక్కుతున్న మేడమ్ నా కింద ఆగింది. ఆయాసం తీర్చుకుని, తలెత్తి నన్నే చూసింది.

"కొత్త ఆకు వేసింది" అంది.

ఆ మాట చెప్పుకోవడానికి ఆమెకి ఇంకెవరూ లేరు.