గరుకు పని

మా ఆయన లూకా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఇరుసులు నునుపు చేసి చేసి రిటైరైన మనిషి. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి, ఎక్కడా గరుకు తగలకపోతేనే సుద్దముక్కతో ‘ఓకే’ అని రాసేవారు. రిటైరైనా ఆ జబ్బు వదల్లేదు. చపాతీ కర్ర నుంచి కిటికీ రెక్కల దాకా ఆయన గరుకు కాగితం దెబ్బ తినని వస్తువు మా ఇంట్లో లేదు. మా అమ్మాయి జెనీ చిన్నప్పుడు మట్టితోనో చెక్కతోనో ఏది చేసి తెచ్చినా, తడిమి చూసి, “ఇంకా గరుకుంది, పో” అనేవారు. ఒక్కదానికీ ఓకే రాయలేదు. ఆ సుద్దముక్క మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు జెనీ కృత్రిమ కీళ్ళు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో లేజర్ మిషన్ మీద పనిచేస్తోంది. మొన్న మలంచా రోడ్డులో టోటో అనే బ్యాటరీ రిక్షా గుద్ది ఆయన తుంటి విరిగింది. కీలు మార్చకపోతే ఇక మంచమే గతి అన్నారు డాక్టరు. పెట్టబోయే కీలు జెనీ వాళ్ళ కంపెనీదే. నాన్నకు ధైర్యం చెబుదామని పిల్ల ఒక శాంపిల్ ముక్క ఆసుపత్రికి తెచ్చింది.

ఆయన తడిమి వెనక్కిచ్చేశారు.

“ఇది ఫినిషింగ్ అవ్వని సరుకు. నా ఒంట్లో ఎట్టనివ్వను.”

“నేనే సేసినాను నాన్నా,” అంది జెనీ. “తిరిగే గుండు నున్నగానే ఉంటాది. ఎముకలోకి దిగే కాడ మాత్రం లేజర్‌తో సన్న గుంటలు పెడతాం. గుంటల లోపలి గోడలు కూడా లెక్కే కదా, అంత ముక్కలోనే ఎముక పట్టుకోడానికి సోటు ఎక్కువవుతాది.”

“నునుపు సెయ్యడం రానోళ్ళు సెప్పే మాట.”

జెనీ మొహం చిన్నబోయింది. ముక్క సంచిలో వేసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. ఆపరేషన్ వద్దంటూ ఆయన గోడవైపు తిరిగారు.

నాకు ఒళ్ళు మండింది.

“మన గేటు రంగు ఎన్నిసార్లు ఊడింది?” అన్నాను.

ఆయన దుప్పటి మీదికి లాక్కున్నారు.

“రంగెయ్యకముందు గేటుని అద్దంలా తోమేస్తారు. వానలు రాగానే అప్పడంలా లేసిపోతాది. రంగుల షాపోడిని తిడతారు. పక్కింటి అనిల్ కుమార్ గేటు గరుకు గరుకుగా గీకి పూసినాడు, ఇప్పటికీ సెక్కు సెదరనేదు. మీ నునుపు మీద రంగుకి పట్టు ఏటుంటాదండి?”

నునుపు జారడానికి, గరుకు పట్టుకోడానికి. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా? ఆ మనిషిలో గరుకే లేకపోతే నేను ఎప్పుడో జారిపోయి ఉందును.

ఆయన ఇటు తిరిగి, “డాక్టర్ని పిలు,” అన్నారు.

మర్నాడు పొద్దున, కోయాల్సిన కాలికి గుర్తు పెట్టడానికి నర్సు పెన్ను పట్టుకుని వచ్చింది.

“దీదీ, ఆ పెన్ను జరా దీజియే,” అన్నారు ఆయన. పెన్ను అందుకుని, జెనీని దగ్గరికి పిలిచి ముక్క అడిగారు. కళ్ళు మూసుకుని బొటనవేలితో అంతా తడిమారు. కళ్ళు తెరిచి, ఆ గరుకు మీదే ‘ఓకే’ అని రాశారు. సిరా ఇట్టే పట్టుకుంది.

“అది శాంపిలే నాన్నా,” అంది జెనీ. “నీకు పెట్టేది వేరేది.”

“అదీ నీ సేతిదే కదా.”

స్ట్రెచర్ లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాక కూడా జెనీ ఆ ముక్కను తడుముతూనే ఉంది, కళ్ళు మూసుకుని, బొటనవేలితో.