సాక్ష్యం చెప్పాల్సిన ఆదివారం

మందిరం వెనక కుళాయి దగ్గర ఆమె ప్రభు బల్లలో ద్రాక్షరసం ఇచ్చే చిన్న చిన్న గ్లాసులు కడుగుతోంది. లోపల మైకులో భర్త ప్రసంగం సాగుతోంది. సంఘమంతా ఆమెను పాస్టరమ్మ అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మందిరం ఊడవడం, కుర్చీలు సర్దడం, వచ్చినవాళ్ళకు టీ పెట్టడం, పిల్లలకు పాటలు నేర్పడం, అన్నీ ఆమెవే. వాటిని పని అని ఎవరూ అనరు. పరిచర్య అంటారు.

కిందటి నెల ఆమె చేతికి రొమ్ములో గడ్డ తగిలింది. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, క్యాన్సరేనని, ఆలస్యం చేస్తే ప్రమాదమని చెప్పి ఆపరేషన్‌కి రోజు పెట్టింది. ఇంటికొచ్చి చెబితే భర్త ఆమె తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశాడు. కళ్ళు తెరిచి, గడ్డ పోయిందన్నాడు. ఆ ఆదివారమే సంఘానికీ చెప్పేశాడు. ఆమెను ఒక్క మాట అడగలేదు. జనం ఏడుస్తూ చప్పట్లు కొట్టారు. అప్పటినుంచి ఆసుపత్రి ఊసెత్తితే చాలు, నా కొడుకు నలుగురిలో తలెత్తుకోవద్దా అంటుంది అత్తగారు. భర్త కేకలేసే మనిషి కాదు. అంతా దేవుడి చేతుల్లో ఉంది, నీకే విశ్వాసం చాలడం లేదు అని మెల్లగా అంటాడు. ఇన్నేళ్ళూ ఆమె భయపడింది ఆ మెల్లదనానికే.

ఇవాళ సంఘం ముందు తన నోటితో స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పాలి. చావంటే భయంగానే ఉంది. ఆపరేషన్ చేయించుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టవుతుందేమోనని అంతకన్నా భయం. గ్లాసులు బోర్లిస్తుంటే మైకులో మాటలు చెవిన పడ్డాయి. లోకం పుట్టకముందే దేవుడు రాజు, లోకం పోయాక కూడా రాజే, ఆ సింహాసనాన్ని ఎవరూ కదపలేరు అంటున్నాడు భర్త. ఎన్నిసార్లో విన్నదే. ఇవాళ ఆమె చేతులు ఆగిపోయాయి. ఎవరూ కదపలేనిది తన ఒంటి మీద పడే కత్తిగాటుకి కదులుతుందా? ఈ గడ్డ ఆయనకు తెలియకుండా వచ్చిందా? డాక్టరమ్మ చెయ్యి మాత్రం ఆయన ఏలుబడిలో లేదా? బతికినా పోయినా తను ఆయన మనిషే. బిగుసుకుపోయిన గుండె కాస్త వదులైంది. చిన్నగా నవ్వు కూడా వచ్చింది. ఇంత మంచి ప్రసంగం, చెప్పినాయనకే ఎక్కలేదు.

పాస్టరమ్మ సాక్ష్యం చెబుతుందని లోపలినుంచి పిలుపొచ్చింది. తడి చేతులు తుడుచుకుని వెళ్ళి మైకు పట్టుకుంది. ముందు వరసలో అత్తగారు. తన పక్కనే చిరునవ్వుతో భర్త.

"గడ్డ అలాగే ఉంది," అంది. "రేపు ఆపరేషన్. బాగవుతానో లేదో నాకు తెలీదు. దేవుడు నన్ను వదలడని మాత్రం తెలుసు. ప్రార్థన చెయ్యండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అత్తగారు తల దించుకుంది. వెనక వరసలో ఒక ముసలామె మోకాళ్ళు పట్టుకుని లేచి, "నీకు తోడు నేనొస్తానమ్మా," అంది.

భర్త మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "దేవుడి పరువు తీశావు," అన్నాడు, ఎప్పటిలాగే మెల్లగా.

ఆమె కూడా మెల్లగానే చెప్పింది.

"ఆయన పరువుకేం కాదండీ. పోతే మీది పోతుంది. దానికోసం మాత్రం నేను చావను."