పిన్ని లేస్తేనే బేరం

రోజూ పొద్దున్నే రికార్డుల కొట్టాయన షట్టరు ఎత్తి, ప్లేయరు ముల్లు తుడిచి, పిన్నిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెడతాడు. తల్లి పోయాక పెంచినావిడ. మంచి పాట పడితే పిన్ని కుర్చీలోంచి జానెడు పైకి లేస్తుంది. ఇంకా మంచిదైతే మూరెడు. పాట అయ్యాక దిగి చీర సర్దుకుంటుంది. కొనేవాళ్ళు రికార్డు కేసి చూడరు, పిన్ని కేసి చూస్తారు.

ఈమధ్య కొట్లోకి ఖరీదైన సరుకు దిగింది. పాత పాటలకే కొత్త అచ్చు. బరువైన రికార్డు, దళసరి అట్ట, అసలు టేపు నుంచే తీశామని బంగారు అక్షరాలు. ధర వింటే గుండె గుభేలుమంటుంది. ఉన్నదంతా వాటి మీదే పెట్టాడు కొట్టాయన. అవి పోకపోతే కొట్టు మూసేసి బావమరిది సిమెంటు గోడౌనుకి కాపలా కూర్చోవాలి. బావమరిది అప్పుడే కుర్చీ కూడా చూసిపెట్టాడు, ఎంత ప్రేమో!

అయితే పిన్ని వీటికి మూరెడుకి తక్కువ లేవడం లేదు. అదే కొట్టుకి రోజూ వచ్చే పళ్ళ డాక్టరుకి మింగుడు పడలేదు. పన్ను పీకాక కూడా ఇది ఆ పన్నేనా అని తిప్పి చూసే మనిషాయన. ఆయన కొంటే ఊళ్ళో పాటల పిచ్చోళ్ళంతా కొంటారు. వద్దంటే అంతే సంగతులు.

"లేవడం సరేనయ్యా," అన్నాడు డాక్టరు. "నిజాయితీగా లేస్తోందా అని నా అనుమానం. అట్ట చూసి లేస్తోందేమో!"

"మా పిన్నిని అంత మాటంటారా!"

"అయితే మధ్యలో తెర కట్టు. నా పాత రికార్డొకసారి, అదే పాట నీ కొత్తదాంట్లో ఒకసారి వెయ్యి."

తెరకి ఇవతల కొట్టాయన, ప్లేయరు. అవతల పిన్ని, పక్కనే స్టూలేసుకుని డాక్టరు. పాతది పెట్టాడు.

"లేచిందా అండీ?"

"లేదు."

కొత్తది పెట్టాడు.

"ఇప్పుడు?"

"ఊహూఁ."

సౌండు పెంచాడు. బీరువా అద్దాలు గడగడలాడాయి. "మీరు గానీ పట్టుకు కూర్చున్నారా ఏంటి?" అంటూ తెర లాగేశాడు. పిన్ని బుద్ధిగా కూర్చునుంది. పాట హోరెత్తిపోతుంటే, "ఏరా, ఇంకా పెట్టలేదా?" అంది.

కొట్టాయన పాట ఆపేశాడు. పిన్నికి వినబడటం లేదు! ఏమడిగినా తలూపుతుంటే మాట తగ్గించిందనుకున్నాడు. మరి ఇన్నాళ్ళూ దేనికి లేచినట్టు? ఖరీదైన రికార్డు విప్పినప్పుడల్లా గట్టెక్కుతాంలే అని వెలిగే తన మొహం చూసి. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ఇంతకీ కొనమంటావా, వద్దంటావా?" అన్నాడు డాక్టరు కళ్ళు చికిలించి.

"నేనూ పిన్నినే చూశాను గానీ పాట వినలేదండీ. ఒక్క నిమిషం."

రెండూ మళ్ళీ వేసి, కళ్ళు మూసుకుని విన్నాడు. గోడౌన్లో కుర్చీ కళ్ళ ముందు కదిలింది.

"వద్దండీ," అన్నాడు ప్లేయరు ఆపేసి. "కొత్తదాంట్లో వయొలిను కాస్త తేటగా ఉంది, అంతే. దానికింత డబ్బు పొయ్యక్కర్లేదు. మీ పాతదాన్ని కడిగిస్తాను, బ్రహ్మాండంగా పాడుతుంది. ఈ సరుకులో నిజంగా కొనదగ్గవి రెండో మూడో ఉంటాయేమో, విని తీసిపెడతాను."

అనేశాక గుండెల మీంచి సిమెంటు బస్తా దిగినట్టయింది. నవ్వొచ్చేసింది. పిన్ని ఆ మొహం చూసింది. జానెడు లేచింది, మూరెడు లేచింది, ఇంకా లేస్తూనే ఉంది. డాక్టరు గబగబా పోయి ఫ్యాను కట్టేశాడు.

"అవేవో తీసిపెట్టు, కళ్ళు మూసుకుని కొంటా," అన్నాడాయన మెడ పైకెత్తి చూస్తూ. "మావాళ్ళకీ చెబుతా, ఏది కొనాలన్నా నిన్నడిగి కొనమని."

కొట్టాయన బావమరిదికి ఫోను చేశాడు. "ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్ బావా."

కొట్లో చప్పుడు లేదు. ప్లేయరు ఆగే ఉంది.

"పాట బాగుందిరా," అంది పైనుంచి పిన్ని.